చేతి మిషనుతో సీసాకు క్రౌన్ మూత బిగించడం ఎలా

మూత మిషను కొత్తగా కొన్నవాళ్లు మొదటి రోజు చేసే పని ఒకటే. హ్యాండిల్ పట్టుకుని ఒంట్లో బరువంతా దాని మీద వేస్తారు. నాలుగో సీసాకి మెడ చిట్లుతుంది. భయపడి ఐదో సీసాకి మెల్లగా నొక్కుతారు, మూత వదులై రసం కారుతుంది. ఆ తర్వాత మిషను మంచిది కాదని దాన్ని అటక ఎక్కిస్తారు. నిజానికి ఈ మిషను దగ్గర బలంతో పని లేదు. మిషను తల ఎంత ఎత్తులో బిగించారన్నదే అసలు విషయం. ఆ ఎత్తు సరిగ్గా కుదిరితే ఇంటర్ చదివే పిల్ల కూడా ఒక్క చేత్తో మూత వేస్తుంది. కుదరకపోతే పహిల్వానుకైనా కుదరదు.

కింద రాసింది బల్ల మీద బిగించే ఒంటి హ్యాండిల్ మిషను గురించి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వేసవిలో మామిడి రసం, జీడిమామిడి పండ్ల రసం చేసి అమ్మాలనుకునే డ్వాక్రా సంఘాలకూ చిన్న షెడ్డు వాళ్లకూ ఇది సరిపోతుంది. కరెంటుతో పని లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను దెబ్బకు ఉద్దానం ఊళ్లలో కరెంటు లేని రోజులు చూసినవాళ్లకు ఆ సుఖం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

మీ సీసా ఏ జాతిది?

మిషను కొనకముందే సీసా మూతిని చేత్తో తడిమి చూడండి. మూతి అంచు కింద నున్నటి గుండ్రటి కట్టు ఒకటి ఉండి, మరలు లేకుండా ఉంటే అది క్రౌన్ మూత సీసా. కూల్‌డ్రింకు సీసా, బీరు సీసా ఈ రకమే. మన దగ్గర దొరికేవి దాదాపు అన్నీ 26 మి.మీ. కొలతవి. 29 మి.మీ. మూతి సీసాలు కూడా ఉన్నాయి, వాటికి మూత వేరు, డై (మూతను అదిమే గంట లాంటి అచ్చు) వేరు. పాత సామాన్ల కొట్టులో సీసాలు ఏరేటప్పుడు అవి కలిసిపోకుండా చూసుకోండి.

మూతి చుట్టూ మరలు ఉంటే (విస్కీ సీసా, తేనె సీసా లాంటివి) దానికి క్రౌన్ మూత ఎంత నొక్కినా పట్టదు. దానికి అల్యూమినియం మూత వేసి, చిన్న చక్రాలతో మరలు నొక్కే మిషను వేరే ఉంటుంది. స్క్వాష్ (నీళ్లు కలుపుకుని తాగే చిక్కటి రసం) చేసేవాళ్లు ఆ రకమే తీసుకోవడం మేలు. స్క్వాష్ సీసా ఒకసారి విప్పాక ఇంట్లో వారం పది రోజులు వాడతారు, క్రౌన్ మూత తీశాక మళ్లీ పెట్టడానికి ఉండదు. విప్పగానే తాగేసే 200 మి.లీ. రసానికి, సోడాకు మాత్రం క్రౌన్‌ను మించింది లేదు. ఇంత చవక మూత ఇంత గట్టిగా పట్టడం మరోదానికి సాధ్యం కాదు.

గోలీసోడా సీసాకు ఈ బెడదే లేదు. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి మూత వేసుకుంటుంది. కాబట్టి ఈ మిషను దానికి పనికిరాదు, దానికి అక్కర్లేదు కూడా.

ఇంకో మాట. పేరున్న కంపెనీ గుర్తు గాజు మీదే పోసి ఉన్న సీసాలు అమ్మకానికి వాడకండి. అది చట్టం దృష్టిలో చిక్కు. పైగా వాటిలో చాలావరకు పదులసార్లు తిరిగొచ్చినవి, మూతి అంచున కంటికి కనపడని పెచ్చులు ఉంటాయి.

మూత ఎలా పడుతుంది

1892లో అమెరికాలోని బాల్టిమోర్ వాసి విలియం పెయింటర్ ఈ మూతకు పేటెంటు తీసుకున్నాడు. అప్పట్లో దానికి 24 పళ్లు ఉండేవి. ఇప్పుడు 21. మీ దగ్గరున్న మూత తీసి లెక్కపెట్టుకోవచ్చు.

బిగించకముందు మూత అడుగు వ్యాసం సుమారు 32 మి.మీ. ఉంటుంది. బిగించాక అది 28.7 మి.మీ. దగ్గరికి రావాలి. వ్యాసం అంత తగ్గితే చుట్టుకొలతలో ఒక సెంటీమీటరు పైగా రేకు మిగులుతుంది. ఆ మిగులు ఎక్కడికి పోవాలి? చీర కుచ్చిళ్లలో గుడ్డ సర్దుకున్నట్టు ఆ పళ్ల ముడతల్లోకి పోతుంది. పళ్లు ఉన్నది అందుకే, అందం కోసం కాదు. ముడతలు అన్ని వైపులా ఒకేలా లోపలికి మడిచి సీసా కట్టు కింద పట్టుకోవాలి, పైన లోపలి మెత్తటి పొర మూతి అంచుకు అదిమి ఉండాలి. ఈ రెండూ ఒకేసారి జరిగితేనే సీలు. పళ్లు పట్టి పొర అదమకపోతే గాలి పోతుంది. పొర అదిమి పళ్లు పట్టకపోతే మూత ఊడుతుంది.

మిషనులో ఏముంటాయి

అడుగున బరువైన ఇనుప దిమ్మ, దాని మీద సీసా నిలబెట్టే రబ్బరు. వెనక నిలువు రాడ్డు. రాడ్డు మీద పైకీ కిందకీ జరిపి బోల్టుతో బిగించే తల. తలలోంచి కిందకు దిగే ప్లంజర్, దాని చివర గంట బోర్లించినట్టుండే డై. డై లోపల నడిమధ్య ఒక అయస్కాంతమో స్ప్రింగు మీద ఆడే పిన్నో ఉంటుంది. మూతను పట్టుకునేది, పని అయ్యాక డై లోంచి కిందకు నెట్టేది అదే. పక్కన పొడుగాటి హ్యాండిల్.

రెండు హ్యాండిళ్లతో సీసా మెడ పట్టుకుని నొక్కే చిన్న పరికరం చవకగా దొరుకుతుంది. అది సీసా మెడ కట్టును ఆధారం చేసుకుని పనిచేస్తుంది, మెడ ఆకారం కొంచెం మారినా జారుతుంది. ఇంట్లో పది సీసాలకైతే సరే. రోజుకు వంద సీసాలు అనుకుంటే దాని జోలికి పోకండి. సుత్తితో కొట్టే రకం అసలు వద్దు.

బల్ల మీద బిగించడం

మిషనును వదులుగా బల్ల మీద పెట్టి వాడకూడదు. హ్యాండిల్ ముందుకు లాగినప్పుడల్లా దిమ్మ వెనక భాగం లేస్తుంది, సీసా ఒరుగుతుంది, మూత ఒక వైపే పడుతుంది. అంగుళంన్నర మందం చెక్క బల్లకు నాలుగు బోల్టులు ఆరపార వేసి, కింద వాషర్లు పెట్టి బిగించండి. బల్ల ఎత్తు రెండున్నర అడుగులు ఉంటే, హ్యాండిల్ కిందకు వచ్చేసరికి నిలబడ్డ మనిషి నడుము దగ్గరకు వస్తుంది. అంతకంటే ఎత్తు బల్ల అయితే భుజం నొప్పి వస్తుంది, రెండో గంట నుంచి సగం సగం నొక్కుతారు.

బిగించాక ఖాళీగా హ్యాండిల్ పదిసార్లు కిందకు పైకి ఆడించండి. మధ్యలో ఎక్కడా పట్టకుండా నున్నగా రావాలి. దిమ్మ మధ్యన రబ్బరు, పైన డై ఒకే నిలువు గీతలో ఉన్నాయో లేదో తాపీ మేస్త్రీ వాడే గుండు వేలాడదీసి చూడండి. రెండు మి.మీ. పక్కకు పోయినా మూతలు ఒక వైపు బిగుతుగా, ఇంకో వైపు వదులుగా వస్తాయి.

సీసాలు ఎత్తు వారీగా ఏరడం

ఈ పని దాదాపు అందరూ ఎగ్గొడతారు. సగం తలనొప్పులు ఇక్కడే పుడతాయి. చూడ్డానికి ఒకేలా ఉన్న పాత సీసాలు, వేరు వేరు కంపెనీలు పోసినవి, ఎత్తులో రెండు మూడు మి.మీ. తేడా ఉంటాయి. పొడుగు సీసాకు ఎత్తు సరిచేసి పొట్టి సీసా పెడితే మూత వదులు. పొట్టిదానికి సరిచేసి పొడుగుది పెడితే మెడ పగులు.

చదునైన బల్ల మీద ఇరవై సీసాలు వరసగా నిలబెట్టండి. వాటి మూతుల మీద ఒక తిన్నని స్కేలు బద్ద పెట్టి పక్కనుంచి వంగి చూడండి. కొన్ని మూతులు బద్దకు ఆనుతాయి, కొన్నిటికీ బద్దకూ మధ్య వెలుతురు కనిపిస్తుంది. రూపాయి బిళ్ల దూరేంత సందు ఉన్నవన్నీ పక్కన పెట్టండి, వాటిని వేరే గంపలో వేసి, ఆ గంపకు మిషను ఎత్తు వేరుగా సరిచేసుకుని చివర్లో వేయండి. కొత్త సీసాలు ఒకే పెట్టెలోవి అయితే ఈ పని అక్కర్లేదు.

అదే సమయంలో ప్రతి సీసా మూతి అంచు మీద వేలిగోరు గుండ్రంగా తిప్పండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ సీసా పక్కకు. వేలి కండతో తిప్పకండి, తెగుతుంది.

కడుగు, మూతల తయారీ

పాత సీసాలకు వేడినీళ్లలో బట్టల సోడా, లీటరుకు 10 నుంచి 20 గ్రాములు. అరగంట నానబెట్టి బ్రష్షు, తర్వాత రెండు మూడు మంచినీళ్ల కడుగులు. చివరి కడుగు తర్వాత సీసాలను వేడినీళ్లలోనే ఉంచండి. ఎందుకో కింద తెలుస్తుంది.

మూతలను మాత్రం మరగబెట్టకండి. పొర లోపల అతుకు వదులుతుంది, పళ్ల చివర రేకు కోసిన చోట పూత ఉండదు కాబట్టి అక్కడ తుప్పు మొదలవుతుంది. కావలసినన్ని మూతలే తీసి, సుమారు 75 డిగ్రీల నీళ్లలో రెండు నిమిషాలు ముంచి, ఉతికిన తెల్లగుడ్డ మీద బోర్లించి ఆరనివ్వండి. బ్లీచింగ్ నీళ్లు వద్దు, క్లోరిన్ రేకును తింటుంది. మిగిలిన మూతల సంచి మూతి కట్టేసి పొడిగా ఉంచండి. కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రపు గాలికి సంచి తెరిచి వదిలేస్తే ఒక వర్షాకాలం చాలు, మూతల అంచులు ఎర్రబడటానికి. ఎర్రబడ్డ మూతలు వాడకండి.

ఎత్తు సరిచేయడం

అన్నిటికంటే నిదానంగా చేయవలసింది ఇదే. ఖాళీ సీసా పెట్టి ప్రయత్నించకండి, నీళ్లు పోసి పెట్టండి. కారుతోందో లేదో అప్పుడే తెలుస్తుంది.

1. తల బోల్టు వదులు చేసి, తలను బాగా పైకి జరిపి బిగించండి. నీళ్లు పోసిన సీసాను రబ్బరు మీద సరిగ్గా మధ్యన నిలబెట్టి, మూతి మీద మూత పెట్టండి.

2. హ్యాండిల్‌ను దాని మొత్తం దారిలో మూడో వంతు కిందకు దించి ఒక చేత్తో అక్కడే ఆపండి. రెండో చేత్తో తల బోల్టు వదులు చేసి, డై అంచు మూత మీద తేలిగ్గా ఆనేదాకా తలను కిందకు జారనిచ్చి బిగించండి. ఒంటరిగా చేయడం కష్టం, ఇంకో మనిషిని పిలవండి.

3. హ్యాండిల్ పైకి ఎత్తండి. డైకీ మూతకీ మధ్య సీసా సులువుగా తీసి పెట్టేంత జాగా ఉండాలి. లేకపోతే తలను ఒక మెట్టు పైకి.

4. ఇప్పుడు హ్యాండిల్ నిదానంగా దించండి. మొదట ఏమీ తగలదు. తర్వాత మెత్తగా ఒక ప్రతిఘటన వస్తుంది, పళ్లు మడత పడుతున్నాయి. ఆ తర్వాత గట్టిగా ఆగినట్టు అనిపిస్తుంది, డై మూత మీద పూర్తిగా కూర్చుంది. ఈ గట్టి ఆపుదల, హ్యాండిల్ దాని చివరి అంచుకు ఇంకా నాలుగైదు వేళ్ల దూరం ఉండగా రావాలి.

ఆ చివరి మాట మీదే అంతా ఆధారపడి ఉంది. ఆపుదల రాకముందే హ్యాండిల్ దిమ్మకో రాడ్డుకో తగిలి ఆగిందంటే తల ఎక్కువ ఎత్తులో ఉంది. మీరు ఎంత బలం పెట్టినా ఆ బలం ఇనుము మీదకే పోతుంది, మూత మీదకు రాదు. హ్యాండిల్ ఇంకా సగం దారిలో ఉండగానే గట్టిపడిందంటే తల కిందకు ఉంది. అప్పుడు మిగిలిన బలమంతా సీసా మెడ మోయాలి. ఒక్కోసారి రెండు మి.మీ. మాత్రమే కదిలించండి, మళ్లీ చూడండి. కొన్ని మిషన్లలో రాడ్డుకు రంధ్రాలు ఉండి పిన్నుతో ఎత్తు మారుతుంది, అంత సన్నగా కదలదు. వాటికి సీసా కింద రబ్బరు పొర ఇంకొకటి వేసి సరిచేసుకోవాలి.

5. మూడు సీసాలకు ఇలా వేసి కొలవండి.

కొలత

వెర్నియర్ (మి.మీ.లో పదో వంతు దాకా కొలిచే పరికరం) ఉంటే మూత అడుగు అంచు దగ్గర, రెండు ఎదురెదురు చోట్ల కొలవండి. 28.6 నుంచి 28.9 మి.మీ. మధ్య రావాలి. 29 దాటితే వదులు. 28.5 కంటే తగ్గితే అతి బిగుతు, పొర తెగుతుంది, గాజుకు ఒత్తిడి, తాగేవాడికి ఓపెనర్‌తో యుద్ధం. రెండు చోట్ల కొలతల మధ్య తేడా 0.2 కంటే ఎక్కువుంటే మూత ఒక పక్కకు పడిందని అర్థం. అప్పుడు ఎత్తు ముట్టుకోకండి, సీసా మధ్యన నిలబడిందో లేదో చూడండి.

రోజూ వెర్నియర్ పట్టుకోవడం ఇబ్బంది. లేత్ షాపులో 3 మి.మీ. ఇనుప రేకుకు రెండు రంధ్రాలు వేయించుకోండి, ఒకటి సరిగ్గా 28.9, ఇంకోటి 28.5 మి.మీ. పెద్ద రంధ్రం మూత మీదుగా దిగాలి, చిన్నది దిగకూడదు. రేకును దారంతో మిషనుకే కట్టేయండి. ప్రతి ఇరవై ఐదో సీసాకు ఒకసారి పెట్టి చూస్తే చాలు. రేకు చేయించేటప్పుడు లేత్ అతనికి "సుమారు" అని చెప్పకండి, అక్కడ సుమారు పనికిరాదు.

కొలతకు ముందు చేతితో ఒక పరీక్ష చేయండి. మూతను మూడు వేళ్లతో పట్టి తిప్పి చూడండి. గట్టిగా ప్రయత్నిస్తే జరుగుతుందేమో గానీ గిర్రున తిరగకూడదు. మూత మధ్యన పైన చిన్న గుంట పడి ఉంటే తల కిందకు ఉందన్నమాట.

రసంతో పని

పది కిలోల మామిడి ఆర్‌టీఎస్‌కు (నీళ్లు కలపక్కర్లేకుండా నేరుగా తాగే రసం) లెక్క ఇది: గుజ్జు కిలోన్నర, పంచదార కిలోంబావు, సిట్రిక్ ఆమ్లం 25 గ్రాములు, నీళ్లు 7.2 లీటర్లు. మన సువర్ణరేఖకు రంగు బాగా వస్తుంది. పీచు ఎక్కువున్న కాయలైతే రెండుసార్లు వడకట్టండి, కారణం కిందే ఉంది. దీనికి 200 మి.లీ. సీసాలు 45 దాకా వస్తాయి.

రసం 85 డిగ్రీల దగ్గర ఉండగా నింపండి. సీసా కూడా వేడిగా ఉండాలి, చల్లటి గాజులో అంత వేడి పోస్తే అడుగు ఊడి చేతిలోకి వస్తుంది. మూతి నుంచి రెండు సెంటీమీటర్లు ఖాళీ వదలండి. అంచు దాకా నింపితే తర్వాత వేడి చేసేటప్పుడు రసం వ్యాకోచించి మూతను నెడుతుంది.

నింపగానే మూతి అంచును శుభ్రమైన తడిగుడ్డతో ఒక్కసారి తుడవండి. మామిడి పీచు ఒక్క పోగు అంచుకు అంటుకుని ఉంటే చాలు. పైన పొర ఎంత అదిమినా ఆ పోగు పక్కనుంచి వెంట్రుకంత దారి ఉండిపోతుంది. మూత కొలత సరిగ్గా ఉన్నా నాలుగో రోజుకు సీసా పులిసిపోతే, సగానికి సగం ఇదే కారణం అనుకోవచ్చు.

మూతను డై లోని అయస్కాంతానికి పెడతారా, సీసా మూతి మీద పెడతారా? రెండూ చేయవచ్చు. వేగం కావాలంటే డైలో పెట్టడమే. అల్యూమినియం మూతలు అయస్కాంతానికి అంటవు, వాటిని సీసా మీదే పెట్టాలి. సీసాను ఎడమ చేత్తో పొట్ట దగ్గర పట్టుకోండి, మెడ దగ్గర కాదు. పగిలేది మెడే. హ్యాండిల్‌ను ఒక్క ఊపున, ఆగకుండా, కుదుపు లేకుండా దించి, ఆపుదల తగలగానే పైకి వదలండి. రెండోసారి నొక్కడం చాలామందికి అలవాటు. దానివల్ల లాభం లేదు. సగం తిప్పి మళ్లీ నొక్కితే ముడతలు చెడతాయి కూడా.

ఇద్దరుంటే పని సాఫీగా నడుస్తుంది. ఒకరు నింపి తుడిచి అందిస్తారు, ఒకరు మూత వేస్తారు. చేయి తిరిగాక నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది సీసాలు అవుతాయి. నింపినవి బల్ల మీద పేరుకోకూడదు, అర నిమిషం దాటితే పైన వేడి తగ్గుతుంది. మూత వేసే మనిషి "ఆగొదినా" అంటే నింపే మనిషి ఆగాలి. వేగం నిర్ణయించేది మిషను దగ్గరున్న మనిషే.

మూత పడిన సీసాను వెంటనే మూడు నిమిషాలు పక్కకు పడుకోబెట్టండి. వేడి రసం మూత లోపలి పొరకు తగిలి అక్కడి సూక్ష్మక్రిములు చస్తాయి. తర్వాత అడుగున చెక్కబద్దలు పరిచిన గిన్నెలో నిలబెట్టి, నీళ్లు మూతకు రెండు వేళ్ల కింది దాకా పోసి, మీద మూకుడు మూసి, 90 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు ఉంచండి.

చల్లార్చడం మెట్లు మెట్లుగా: మొదట 60 డిగ్రీల నీళ్లు, తర్వాత గోరువెచ్చనివి, తర్వాత మామూలువి. చల్లారేటప్పుడు సీసా లోపల గాలి ఒత్తిడి తగ్గి మూతను లోపలికి లాగుతుంది. మూత ఏ మాత్రం వదులుగా ఉన్నా బయటి నీళ్లు ఒక చుక్క లోపలికి పోతాయి. అందుకే చల్లార్చే నీళ్లు తాగే నీళ్లే అయి ఉండాలి. చెరువు నీళ్లు, ట్యాంకు అడుగు నీళ్లు వద్దు. బయటకు తీశాక మూత చుట్టూ పళ్ల సందుల్లో నీళ్లు లేకుండా గుడ్డతో ఒత్తి, ఫ్యాను కింద ఆరనివ్వండి. ఉప్పు బోరు నీళ్లయితే ఇది మరీ ముఖ్యం.

ఆ రాత్రి ప్రతి గంపలోంచి ఐదు సీసాలు తీసి పాత న్యూస్‌పేపరు మీద తలకిందులుగా నిలబెట్టండి, ఒరగకుండా పెట్టెలో సర్ది. పొద్దున కాగితం మీద గుండ్రటి జిగురు మరక ఉందా చూడండి. చీమలు మీకంటే ముందే కనిపెట్టి ఉంటాయి. ఒక్కటి కారినా ఆ గంప మొత్తం తనిఖీ చేయాల్సిందే.

సోడా వేసేవాళ్లకు రెండు మాటలు. నీళ్లు బాగా చల్లగా ఉన్నప్పుడే గ్యాసు ఎక్కించి వెంటనే మూత వేయండి, వెచ్చబడితే మూత వేసేలోపే గ్యాసు నురగై పోతుంది. గోరు తట్టుకున్న సీసా, గీతలు పడ్డ సీసా సోడాకు అసలు వాడకండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. మూత సరిగ్గా పడ్డాక పగిలేది గాజే.

తేడా వచ్చినప్పుడు

మూత ఏటవాలుగా కూర్చుంటే: సీసా మధ్యన లేదు, లేదా డైలో మూత వంకరగా అంటుకుంది. అయస్కాంతం చుట్టూ ఇనుప రజను పేరుకుంటే మూత వంకరగానే అంటుతుంది. పొడిగుడ్డతో తుడవండి.

సీసా డైలో ఇరుక్కుని పైకి లేస్తే: స్ప్రింగు బలం తగ్గింది, లేదా డై లోపల పంచదార పాకం ఎండి జిగురు కట్టింది. మొదట వేడినీటి గుడ్డతో తుడిచి చూడండి, చాలాసార్లు అంతే. స్ప్రింగు మార్చడం తర్వాత.

వరసగా రెండు మెడలు పగిలితే ఆపేయండి. మూడోది ప్రయత్నించకండి. సీసాల ఎత్తు చూడండి, అడుగు రబ్బరు గట్టిపడి రాయిలా అయిందేమో నొక్కి చూడండి. పగిలిన సీసా పక్కన మూత తెరిచి ఉన్న సీసాలన్నీ పారబోయాలి. గాజు ముక్క ఎటు ఎగిరిందో ఎవరికీ తెలియదు, వడకట్టి వాడుకుందామన్న ఆలోచన రానివ్వకండి. నష్టం నాలుగు సీసాలే.

ఎత్తు మార్చలేదు, సీసాలు అవే, అయినా కొలత రోజురోజుకూ 28.7 నుంచి 28.9కి, అక్కడి నుంచి 29కి పెరుగుతూ పోతోందా? డై లోపలి అంచు అరిగింది. ఎత్తు తగ్గించి కొన్నాళ్లు లాగవచ్చనిపిస్తుంది. లాగలేరు, మెడలు పగలడం మొదలవుతుంది. డై ఒక్కటే విడిగా దొరుకుతుంది, మిషను కొనేటప్పుడే ఇంకో డై కూడా అడిగి తీసుకోవడం తెలివైన పని.

మూతలు ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు మారినప్పుడు కొలత మళ్లీ చూడాలి. రేకు మందం, లోపలి పొర మందం కంపెనీని బట్టి మారతాయి.

మిషను సంరక్షణ

పని అయిన రోజు సాయంత్రమే డైని, ప్లంజర్‌ను వేడినీటి గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. రాడ్డుకు, హ్యాండిల్ కీళ్లకు కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి తుడిచేయండి, కారేలా వద్దు, కింద ఉండేది తిండి. కొబ్బరినూనె అసలు వాడకండి. ఉద్దానంలో అది చేతికి అందేంత దగ్గరలో ఉంటుంది గానీ, కొన్నాళ్లకు జిగురై కీళ్లు పట్టేస్తాయి. డై లోపల ఏ నూనె వద్దు, పొడిగా ఉండాలి.

సీజను అయ్యాక డైని విప్పి, బయటి వైపు సన్నగా నూనె రాసి, కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టండి. స్ప్రింగు మీద ఒత్తిడి లేకుండా హ్యాండిల్ పైకి ఎత్తి కట్టేయండి. డై విప్పినప్పుడు వచ్చిన బోల్టును మాత్రం డబ్బాలో వేయకండి, దాని రంధ్రంలోనే తిరిగి బిగించి ఉంచండి. వచ్చే ఏప్రిల్‌లో అందరూ వెతికేది ఆ బోల్టునే.